లెక్క రాసుకున్నాం, పలకరించలేదు

పదిహేనేళ్ల నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు ఆడమనిషి ఎవరు చనిపోయినా, ఆ కబురు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరవేసినందుకు ఆశా కార్యకర్తకు 200 రూపాయల పారితోషికం ఉంది. ఆ చనిపోయింది బాలింత అయితే, ఆమెను తొమ్మిది నెలలు వెంటబెట్టుకుని దవాఖానకు తిప్పింది ఆ ఆశమ్మే. రక్తం తక్కువుందంటే దగ్గర నిలబడి మాత్రలు మింగించింది ఆమే. నొప్పులొస్తే నడిరాత్రి 108 బండిలో పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నదీ ఆమే. కబురు మోసినందుకు ఆమెకు ఇంత అని కట్టిన మేము, ఆ చావు ఆమెకు కూడా జరిగిందని ఏనాడూ అనుకోలేదు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో ఆరోగ్య శాఖలోనో, ఐసీడీఎస్‌లోనో, స్వచ్ఛంద సంస్థల్లోనో పనిచేసి, పర్యవేక్షకులమని జీతాలు తీసుకున్న మా తరం తరఫున ఇది రాస్తున్నాను. ఇది ఏ ఒక్క దవాఖాన తప్పూ కాదు, ఏ ఒక్క అధికారి తప్పూ కాదు. నిజామాబాద్ జిల్లాలో ఉన్నప్పుడూ ఇంతే చేశాం, 2016లో కామారెడ్డి వేరే జిల్లా అయ్యాకా ఇంతే చేశాం. మా తోటివాళ్లలో కొందరికి ఇది కష్టంగా తోచవచ్చు. తోచాలి కూడా.

బాలింత చనిపోతే ఏం జరుగుతుందో బయటివాళ్లకు పెద్దగా తెలియదు. మాతృ మరణాల సమీక్ష అని ఒకటుంది, 2010 నుంచి దేశమంతటా నడుస్తున్నది. 24 గంటల్లో సమాచారం పైకి పోవాలి. తర్వాత కొద్ది వారాల్లో ఒక బృందం ఆ ఇంటికి వెళ్లి, జరిగినదంతా అడిగి ఫారం నింపాలి. ఆపైన జిల్లా కమిటీ, కలెక్టర్ ముందు సమీక్ష. ఇది చాలా అవసరమైన పని. ఎక్కడ ఆలస్యమైందో తెలియకపోతే రేపు ఇంకో తల్లి చనిపోతుంది. ఎవరినీ తప్పుపట్టడానికి కాదని ఆ మార్గదర్శకాల్లోనే రాసి ఉంది. ఆ వాక్యాన్ని మేము చదివాం, పక్కన పెట్టాం.

లింగంపేట దిక్కు ఒక పల్లె. ఇంట్లో ఇంకా అంటు తీరలేదు. వాకిట్లో చాప వేశారు. మా బృందం దాని మీద కూర్చుంది, ఫారం ఒళ్లో పెట్టుకుంది. నొప్పులు ఎన్ని గంటలకు మొదలైనయి? బండికి ఎప్పుడు ఫోన్ చేసిండ్రు? ఎంతసేపటికి వచ్చింది? మొదటి దవాఖానలో ఎంతసేపు ఉంచిండ్రు? అత్త ఒక్కోదానికి జవాబు చెబుతున్నది. కొడుకు గోడకానుకుని ఉన్నాడు, మాట్లాడటం లేదు. లోపల ఎవరి ఒళ్లోనో పసిపిల్ల ఏడుస్తున్నది. ఆశమ్మ గడప దగ్గర నిలబడి ఉంది, చాప మీదికి రమ్మని ఎవరూ అనలేదు. ఉన్నట్టుండి ఆ ముసలామె ఫారం వైపు నుంచి తల తిప్పి ఆశమ్మను చూసి, "నువ్వే తోల్కపోతివి గద బిడ్డా, మళ్ల తోల్కరాకపోతివి" అన్నది. అందులో కోపం లేదు. ఆశమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వాకిలి దాటి వెళ్లిపోయింది. మేము ఆగామా? లేదు. తర్వాతి గడి నింపాం. ఫారం నింపడం అయిపోయాక జీపెక్కి వచ్చేశాం. దారిలో మాట్లాడుకున్నదంతా రక్తం ఎక్కించడంలో జరిగిన ఆలస్యం గురించే.

సమీక్ష రోజున అదే ఆశమ్మను నిలబెట్టి, హైరిస్కు అని తెలిసి ముందే ఎందుకు తరలించలేదని అడిగాం. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి దాదాపు 40 కిలోమీటర్లు, అక్కడినుంచి హైదరాబాద్‌కు ఇంకో 110. ఆ దూరాలు ఆమె పెట్టినవి కావు. ఖాళీగా ఉన్న డాక్టరు పోస్టులు, దొరకని రక్తం సీసాలు ఆమె చేతిలోవి కావు. కానీ ఆ గదిలో అందరికంటే చిన్న జీతం ఆమెది, జీతమని కూడా అనకూడదు, పారితోషికం అనాలి. జవాబు చెప్పవలసిన మనిషిగా ఆమే దొరికింది. నిజం చెప్పాలంటే, మా మీదికి రాకుండా ఆమెను ముందు నిలబెట్టాం.

చావును మోయడం మన ఊళ్లకు కొత్త కాదు. మూడో రోజు పిట్టకు పెడతారు. కొన్ని రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వరు, చుట్టపక్కాలే అన్నం తెస్తారు. ఆడవాళ్లు రాగం తీసి, పోయినామె గుణాలన్నీ చెప్పుకుంటూ ఏడుస్తారు. తర్వాత దగ్గరివాళ్లు తమ ఇంటికి తీసుకుపోయి నిద్ర చేయిస్తారు. ఎవరు ఎన్ని రోజులు ఏడవాలో, ఎవరు వచ్చి కళ్లు తుడవాలో అన్నిటికీ ఊరు ఒక ఏర్పాటు చేసి పెట్టుకుంది. ఆ ఏర్పాటులో ఆశమ్మ ఎక్కడా లేదు. ఆమె చుట్టం కాదు, పాలిది కాదు. కులం వేరైతే ఆ చావింటి గడప దాకానే. ఊరి ఏర్పాటులో ఆమెకు చోటు లేనప్పుడు శాఖ ఇవ్వాలి. మేము ఇవ్వలేదు. మర్నాడు పల్స్ పోలియో ఉందని పంపించాం.

పసిగుడ్డు పోయినప్పుడు మేము చేసింది ఇంకా దారుణం. దవాఖానలో కాన్పయితే ఆశమ్మ ఆరుసార్లు ఆ ఇంటికి పోవాలి: 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. బిడ్డను తూచాలి, ఒళ్లు వేడి చూడాలి. బిడ్డ పోతే ఆ పేరు మీద గీత పడుతుంది, రావడం ఆగిపోతుంది. తల్లి మాత్రం బాలింతే కదా. పాలు పడి, గడ్డకట్టి, జ్వరమొచ్చి, రవికె తడిసి, ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఆమె మూలకు కూర్చుంటుంది. ఎవరో పెద్దామె మల్లెపూలు కట్టుకోమని చెబుతుంది, పాలు ఆరిపోతాయని. ఆ సలహా పాటి ఆదరణ కూడా మా నుంచి అందలేదు. 2017 తర్వాత దవాఖానలో కాన్పయిన ఇళ్లకు కిట్లు వెళ్లాయి, అందులో పసిపిల్లల చొక్కాలు, సబ్బు, దోమతెర. బిడ్డ పోయిన ఇంట్లో ఆ సంచి ఏమవుతుందో, దాన్ని ఎవరు తీసి కళ్లకు కనబడకుండా పెడతారో మాలో ఒక్కరికీ ఆలోచన రాలేదు. అయినా వెళ్లిన ఆశమ్మలున్నారు, లెక్కలో రాదని తెలిసీ వెళ్లారు. ఆ పోయిరావడం ఏ రిజిస్టరులోనూ లేదు.

ఇక దవాఖాన లోపల. లేబర్ రూములో ఒక టేబుల్ మీద ప్రాణం పోతుంది, పక్క టేబుల్ మీద ఇంకొకామె నొప్పులు పడుతూ ఉంటుంది. స్టాఫ్ నర్సు గ్లౌజులు తీసి, చేతులు కడుక్కుని, కొత్త జత వేసుకుని అటు తిరగాలి. కొత్తగా వచ్చిన పిల్ల ఒకత్తె మందుల గదిలోకి పోయి ఏడిస్తే, "ఈ ఉద్యోగంలో గుండె రాయి చేసుకోవాలమ్మా" అని చెప్పిన సీనియర్లం మేమే. ఆ మాటను ఉపదేశంలా చెప్పాం. కొన్నేళ్లకు ఆ పిల్ల నిజంగానే అట్లా తయారైంది. శవం పక్కన నిలబడి బంధువులతో కేస్‌షీట్ చదివినట్టు మాట్లాడటం నేర్చుకుంది. అప్పుడు ఆమెకు మానవత్వం లేదని ఫిర్యాదులొచ్చాయి, ఆమెకే మెమో ఇచ్చాం.

చావు కబురు ఎట్లా చెప్పాలో మాకెవరూ నేర్పలేదు, మేమూ ఎవరికీ నేర్పలేదు. గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి చెప్పవలసిన మాటను కారిడార్‌లో నిలబడి, నడుస్తూ చెప్పాం. ఆ తర్వాత అద్దాలు పగిలాయి, డ్యూటీ డాక్టరు చొక్కా చిరిగింది. దాడి చేసినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు వేసే చట్టం 2008లోనే వచ్చింది. చట్టం ఉండాలి. కానీ రాయి చేతికి రాకముందు, బిడ్డను పోగొట్టుకున్న తండ్రి పక్కన అరగంట కూర్చునే మనిషి ఒకరుండాలని మేము ఏ ప్రతిపాదనలోనూ రాయలేదు. 2023లో కామారెడ్డికి మెడికల్ కాలేజీ వచ్చింది. మరణాన్ని ఎదుర్కోవడం, రోగి మనుషులతో మాట్లాడటం 2019 నుంచి వైద్య విద్యలో పాఠాలయ్యాయి. ఆ పిల్లలు పాఠం చదివి వార్డులోకి వచ్చేసరికి అక్కడ మమ్మల్ని చూసి నేర్చుకుంటారు. భయం అక్కడే.

కోవిడ్ కాలంలో 2020 మే 3న గాంధీ ఆసుపత్రి మీద హెలికాప్టర్ నుంచి పూలు చల్లారు. మరుసటేడు రెండో విడతలో సొంత మనుషులే దగ్గరికి రాని శవాలను సంచుల్లో చుట్టింది ఔట్‌సోర్సింగ్ శానిటేషన్ సిబ్బంది. 2022లో దేశంలోని ఆశాలందరికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ పురస్కారం ఇచ్చింది, మేము కేక్ కోసి ఫొటో తీసుకున్నాం. 2025 ఆగస్టు చివరి వానలకు జిల్లాలో రోడ్లు తెగిపోయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయినప్పుడు కూడా నీళ్లలో నడిచి ఇళ్లకు పోయింది వీళ్లే. ఇన్ని అయ్యాక కూడా, నిద్ర పడుతున్నదా అమ్మా అని అడిగిన పై అధికారి పేరు ఒక్కటీ నాకు గుర్తు రావడం లేదు.

ప్రభుత్వాలను మాత్రమే అని లాభం లేదు. చనిపోయిన రైతు కుటుంబానికి 2018 నుంచి రైతు బీమా 5 లక్షలు వస్తున్నాయి, గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల ఇళ్లకు 2024లో మరో 5 లక్షల సాయం ప్రకటించారు. ఆ డబ్బు ఎందరి అప్పులు తీర్చిందో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఆ డబ్బు చేరాలంటే మరణ ధ్రువపత్రం, ఆధార్, నామినీ, బ్యాంకు పుస్తకం కావాలి. మేము అక్కడితో ఆగిపోయాం. ఫైలు ముగిస్తే మా పని ముగిసిందనుకున్నాం. శంషాబాద్ విమానాశ్రయం నుంచి శవపెట్టె వచ్చిన ఇంట్లో ఆరు నెలల తర్వాత కూడా ఆ భార్య అన్నం తినడం లేదని అంగన్‌వాడీ టీచర్ వచ్చి చెబితే, అది మన పరిధిలోది కాదన్నాం.

తెలియక చేశామా అంటే అదీ కాదు. కోళికోడ్‌లో 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ మొదలుపెట్టిన పాలియేటివ్ సేవ కేరళ ఊరూరికీ పాకింది, 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వ విధానమైంది. పక్కింటివాళ్లే వాలంటీర్లుగా మంచాన పడ్డవాళ్లను, వాళ్లు పోయాక ఆ కుటుంబాన్ని కనిపెట్టుకుని ఉంటారు. అమెరికాలో జొనాథన్ బార్టెల్స్ అనే నర్సు, వార్డులో ఎవరైనా చనిపోతే అక్కడున్న సిబ్బంది అంతా కొద్ది సెకన్లు మౌనంగా నిలబడి ఆ మనిషిని తలుచుకోవాలని మొదలుపెట్టాడు. దానికి పైసా ఖర్చు లేదు. బోస్టన్ నుంచి మొదలై బ్రిటన్ దాకా పాకిన ష్వార్ట్జ్ రౌండ్స్‌లో డాక్టర్లు, నర్సులు, ఊడ్చేవాళ్లు ఒకే గదిలో కూర్చుని, ఫలానా కేసు తమకేం చేసిందో చెప్పుకుంటారు. వైద్యం గురించి అక్కడ చర్చ ఉండదు. ఇవన్నీ మాలో చాలామంది చదివినవే.

వాటి బదులు మేము పెట్టింది ఒత్తిడి తగ్గించుకోవడంపై ఒక పూట శిక్షణ. స్లైడ్లు, శ్వాస వ్యాయామం, టీ, హాజరు సంతకం. మనిషి తట్టుకునే శక్తిని మనిషిలోనే వెతకమన్నాం. ఒక్కో ఆశకు ఎన్ని ఇళ్లు, ఒక్కో నర్సుకు ఎన్ని మంచాలు అన్న ప్రశ్న ఆ గదిలోకి రానివ్వలేదు. మానసిక ఆరోగ్య సహాయానికి ఉన్న టెలి మానస్ నంబరు 14416 పోస్టరు గోడకు అంటించాం, అది మీకు కూడా అని సిబ్బందికి చెప్పలేదు. సంఘాలు కూడా, 2023 అంగన్‌వాడీ సమ్మెతో సహా, జీతం, భద్రత అడిగాయి, అడగవలసిందే. చావు చూసి వచ్చినామెకు మర్నాడు సెలవు కావాలని మాత్రం ఎవరి డిమాండ్లలోనూ చూడలేదు. పేపర్లలో మేము చదివేదీ, రాయించేదీ ఒకటే వార్త: వైద్యుల నిర్లక్ష్యం, బంధువుల ఆందోళన.

చేయవలసినవాటికి జీవో కోసం చూడనక్కర్లేదు. నెలనెలా ఆశా డే జరుగుతుంది, అందులో లక్ష్యాల చర్చకు ముందు ఆ నెలలో పోయినవాళ్ల పేర్లు చదవవచ్చు, ఆ ఇళ్లకు తిరిగినామెను మాట్లాడనివ్వవచ్చు. పదకొండో రోజు తర్వాత మెడికల్ ఆఫీసరో, సూపర్‌వైజరో ఆశమ్మను వెంటబెట్టుకుని ఆ ఇంటికి పోవచ్చు, ఫారం లేకుండా. బిడ్డ పోయిన తల్లికి కూడా 42వ రోజు దాకా ఆ రావడం పోవడం ఆగకూడదు, ఆశమ్మకు దానికి పైసలు కట్టాలి. ఇది మాత్రం పైనుంచి రావాలి, రిటైరైన మేమందరం సంతకాలు పెట్టి అడగాలి. ఇక ఈసారి మాతృ మరణ సమీక్ష జరిగే గదిలో ఆశమ్మకు కుర్చీ వేయాలి. ఆ తల్లి ఎట్లాంటి మనిషో, చివరిదాకా ఏమన్నదో ముందు ఆమెనే చెప్పనివ్వాలి. గంటలు, నిమిషాల లెక్క ఆ తర్వాత మొదలుపెట్టుకోవచ్చు.