వాటాల డివిడెండును నెల జీతంగా లెక్క కట్టరాదు

చిత్తూరు: బెంగుళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్ రహదారికి భూములిచ్చిన పలమనేరు, బంగారుపాళెం, గుడిపాల వైపు రైతులకు నష్టపరిహారం సొమ్ము వచ్చింది. ఉద్యోగ విరమణ చేసిన వారికి గ్రాట్యుటీ వస్తోంది. ఇలా ఒక్కసారిగా చేతికందిన డబ్బును కంపెనీల వాటాలలో పెడితే ఇంట కూర్చుని రాబడి తినవచ్చునన్న మాట ఇప్పుడు పల్లెలలోనూ వినవస్తోంది. వాటాలు కొనడం తప్పు కాదు. అయితే వాటి మీద ఏటా ఎంత వస్తుందో లెక్క కట్టడం తెలియకుండా, పోయిన భూమికి బదులు వాటాలను నమ్ముకోవడం ప్రమాదం.

ఇందుకు ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా కంపెనీ తిరుపతి దగ్గర కరకంబాడిలో బ్యాటరీలు తయారు చేస్తోంది. 2023లో దాని పేరు అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా మారింది. ఆ కంపెనీ ఒక్కో వాటాకు ఇచ్చిన డివిడెండు ఇలా ఉంది: 2020-21కి రు. 11, 2021-22కి రు. 4.50, 2022-23కి రు. 6.10, 2023-24కి రు. 9.90, 2024-25కి రు. 10.50.

వంద వాటాలున్న కుటుంబానికి మొదటి సంవత్సరం రు. 1,100 వచ్చింది. మరుసటి ఏడు వచ్చింది రు. 450 మాత్రమే. కంపెనీ మూతపడలేదు, ఏ సంవత్సరమూ డివిడెండు ఎగ్గొట్టలేదు. అయినా రాబడి సగానికి పైగా తగ్గింది. ఐదేళ్ల సగటు రు. 8.40 అని లెక్క చెప్పవచ్చు. కాని 450 వచ్చిన ఏడు పిల్లవాడి ఫీజు కట్టవలసిన తండ్రికి సగటు లెక్క అక్కరకు రాదు.

చాలామంది మోసపోయేది శాతం దగ్గర. 2020-21కి ఆ కంపెనీ ఇచ్చిన తుది డివిడెండు వాటాకు రు. 6. వాటా ముఖ విలువ ఒక్క రూపాయి. కనుక కాగితం మీద అది 600 శాతం! బజారులో వాటా ముఖ విలువకు దొరకదు కదా. వాటా ధర వెయ్యి రూపాయలు అనుకుంటే, లక్ష రూపాయలకు వంద వాటాలు వస్తాయి. రు. 10.50 డివిడెండు వచ్చిన మంచి సంవత్సరంలో కూడా చేతికందేది రు. 1,050. అంటే నూటికి రూపాయి పైన అయిదు పైసలు. నెలకు చూస్తే రు. 87.50. అదే లక్షను నూటికి ఆరు రూపాయల వడ్డీకి బ్యాంకులో వేస్తే ఏడాదికి ఆరు వేలు. కాబట్టి శాతం ఎంత అని కాదు, వాటాకు ఎన్ని రూపాయలు, ఆ వాటాను ఎంతకు కొంటున్నాము అని అడగాలి.

వాటా ధర పెరుగుతుంది కదా అనేవారున్నారు. పెరగవచ్చు, తగ్గనూవచ్చు. పెరిగినా ఆ లాభం అమ్మితేనే చేతికి వస్తుంది. అమ్మిన వాటాకు మరి డివిడెండు రాదు. నూటికి పది వచ్చే వాటాలున్నాయని ఎవరైనా చెబితే, ధర పడిపోయి అలా కనిపిస్తోందా, ఒక్కసారికి ఇచ్చిన ప్రత్యేక డివిడెండా అన్నది విచారించాలి.

డివిడెండు ఇచ్చి తీరాలన్న కట్టుబాటు కంపెనీకి లేదు. కూలీలకు, అప్పులవారికి, సర్కారుకు కట్టాక మిగిలిన దానిలోనే వాటాదారుకు దక్కుతుంది. ఈ సంగతి ఈ ప్రాంతం చెరకు రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. చిత్తూరు, గాజులమండ్యం సహకార చక్కెర ఫ్యాక్టరీలలో రైతులే వాటాదారులు. గానుగ ఆగిపోయాక ఆ వాటా కాగితాలు ఎవరికీ గింజ పెట్టలేదు. చిత్తూరు సహకార డెయిరీ కూడా 2002లో మూతపడింది.

చేతికి వచ్చే దానిలో పన్ను కూడా ఉంది. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండు వాటాదారు ఆదాయం కిందికే వస్తోంది. ఒక కంపెనీ ఇచ్చే డివిడెండు ఏడాదిలో పదివేలు దాటితే నూటికి పది పట్టుకుని మిగతాది ఇచ్చే పద్ధతి 2025 ఏప్రిల్ నుంచి ఉంది. బ్యాంకు ఖాతా వివరాలు సరిగా లేక ఏడేళ్లు తీసుకోకుండా వదిలేస్తే, ఆ సొమ్మే కాక వాటాలు కూడా కేంద్రప్రభుత్వ నిధికి వెళ్లిపోతాయి. తిరిగి తెచ్చుకోవడానికి దరఖాస్తులు పెట్టుకోవాలి.

వాన నమ్మి వేరుశనగ వేసే రైతు బాగా పండిన ఏటిని చూసి బిడ్డ పెళ్లికి ముహూర్తం పెట్టుకోడు. వాటాల లెక్కా అంతే. గత ఐదారేళ్లలో అన్నిటికన్నా తక్కువ వచ్చిన సంవత్సరాన్ని తీసుకుని, పన్ను తీసివేసి, ఆ మిగిలిన దానినే రాబడిగా రాసుకోవాలి. పైన వచ్చిందంతా కలిసివచ్చినట్టు. ఒక్క కంపెనీలోనే అంతా పెట్టకూడదు. ఇంటి ఖర్చుకు, వైద్యానికి కావలసిన సొమ్మును వాటాల జోలికి తీసుకుపోరాదు.

పరిహారం చెక్కులు పంచేటప్పుడు ఫోటోలు తీయించుకుంటున్న అధికారులు, ఆ డబ్బు ఏమవుతుందో కూడా ఆలోచించాలి. రెవిన్యూ శాఖ, బ్యాంకులు కలిసి ఆయా గ్రామాలలో సభలు పెట్టి, ఈ లెక్కను తెలుగులో, రూపాయలలో వివరించాలి. భూమి ఒక్కసారే పోతుంది. దానికి వచ్చిన సొమ్ము కూడా పోతే ఆ కుటుంబానికి మరో ఆధారం ఉండదు.