పటంలో కోట

పిల్లలూ! ఫ్రాన్సు దేశానికి దక్షిణాన, ఓద్ అనే నది దగ్గర, గుట్ట మీద కార్కసోన్ అనే కోట వున్నది. దానికి ఒకదాని లోపల ఒకటిగా రెండు ప్రాకారాలు, 52 బురుజులు. గోడల పొడవంతా కలిపితే సుమారు 3 కిలోమీటర్లు. ఈ కోట ఫోటోలను పెద్దవిగా చేసి, పటాలు కట్టి అమ్ముతారు. ఆ పటాలలో చాలా బురుజుల మీద పొడుగాటి టోపీల వంటి కప్పులు కనిపిస్తాయి. చూసినవారు, ‘‘700 ఏళ్ళ కిందట కూడా ఈ కోట ఇలాగే వుండేది కాబోలు!’’ అనుకుంటారు.

నిజంగా ఇలాగే వుండేదా?

1659లో ఫ్రాన్సు సరిహద్దు ఇంకా దక్షిణానికి జరిగింది. దానితో ఈ కోట అవసరం తగ్గిపోయింది. గోడల రాళ్ళను జనం పట్టుకుపోయారు. 1850లో ప్రభుత్వం దుర్గాల జాబితాలో నుంచి దీని పేరు కొట్టివేసింది. ఊళ్ళోని పండితులూ, మెరిమే అనే రచయితా గట్టిగా అడ్డుపడబట్టి కోట మిగిలింది.

1851లో పాత కట్టడాలను ఫోటో తీయటానికి ప్రభుత్వం ఐదుగురిని పంపింది. వారిలో లగ్రే, మెస్త్రాల్ అనే ఇద్దరు కార్కసోన్ వచ్చారు. అప్పటికి ఫిల్ము లేదు. లగ్రే పలచని కాగితానికి మైనం పట్టించి, వెండి లవణం పూసి, దాని మీదనే ఫోటో తీసేవాడు. వారి ఫోటోలలో కోట మొండి బురుజులతో, శిథిలమై కనిపిస్తుంది.

1853లో వియొలె లెద్యూక్ అనే వాస్తుశిల్పి మరమ్మతు మొదలుపెట్టాడు. నల్లరాతి పలకల కప్పులు ఆయన పెట్టించినవే. ‘‘ఇవి ఉత్తరాది కప్పులు. మా వైపు వాలు తక్కువగా వుండే పెంకుటి కప్పులే వుంటాయి,’’ అని కొందరు ఆక్షేపించారు. తరవాత కొన్ని బురుజులకు ఎర్ర పెంకులు వేశారు కూడా.

పాత ఫోటోలు వుండబట్టే ఏది పాతదో, ఏది కొత్తదో మనకు తెలుస్తున్నది. పాత ఫోటో 1851 నాటి కోటను చూపుతుంది, కొత్త పటం ఈనాటి కోటను చూపుతుంది. రెండూ నిజమే. అయితే ఏ ఫోటో ఏనాటిదో తెలియాలి.

మరి మీ ఇంట్లో గోడ మీది ఫోటోలు ఏనాటివి? పెద్దలను అడిగి, ఊరూ, పేర్లూ, సంవత్సరమూ ఒక కాగితం మీద రాసి పటం వెనక అంటించండి. ఎండ తగిలే గోడకు మాత్రం పటం తగిలించకండి. ఎండకు రంగులు వెలిసిపోతాయి!