వారసత్వ కథలకు నీతివాక్యములా?

ఒకప్పుడు తెలుగు చలనచిత్రములకు నెలవైన కోడంబాక్కములో మన యిండ్లయందు తెలుగు ఇంకను వినబడుచునే యున్నది. కాని 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిమ్మట బడిలో మన భాషకు చోటు ఇఱుకైనది. బాలురకు చదువు నేర్పు భారము మనపై బడినది. మనము చేయుచున్నదేమి? కుటుంబ వారసత్వమును గూర్చిన కథ చదివించి, సారాంశము వప్పజెప్పించి, ‘పెద్దలను గౌరవింపవలెను’ అను నీతిని వ్రాయించుచున్నాము. ఇది వల్లెవేతయే గాని కథాబోధన గాదు.

కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’ 1964లో వెలువడినది. పై తరగతులవారికి దానిని చదివించి చూడుడు. ధర్మాత్ముడని పేరొందిన పెద్ద తీర్పునకు తలయొగ్గి అప్పల్రాముడు అప్పు ఒప్పుకొనును. ఆ భారము కొడుకుల మెడకు చుట్టుకొనును. సీతారాముడు తన బిడ్డను బానిసగా బ్రదుకనీయక చంపివేయును. ఈ కథకు మన నీతివాక్యము అతుకునా?

ఆ యింటికి సంక్రమించినదేమి? అందువలన బాగుపడినదెవరు, చెడినదెవరు? కథకు యజ్ఞమను పేరేల? విద్యార్థిని ఇట్లడుగుడు. జవాబునకు కథలోని వాక్యమునే సాక్ష్యముగా చూపుమనుడు.

‘విమర్శ నేర్చిన పిల్లలు మనలనే ప్రశ్నింతురు’ అని జంకువారు కలరు. ప్రశ్నింపనిండు! తాతముత్తాతలను ప్రశ్నించుటకైనను తెలుగు చదువవలెను గదా! పూలదండ వేసి గోడకు తగిలించిన పుస్తకమును ఏ మనుమడును తెఱచి చూడడు.