వృత్తివిద్యకు అనుమతి: కాలిఫోర్నియా అనుభవము

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కమ్యూనిటీ కాలేజీలు 116 గలవు. 73 జిల్లాల పాలకమండలులు వీనిని నడుపుచున్నవి. ఇరువదిలక్షలమంది వీనిలో విద్య నేర్చుచున్నారు. హైస్కూలు ముగించిన పడుచువాడును, ఉన్న పని పోయి వేఱొక పని నేర్వగోరు నలువదియేండ్లవాడును ఒక్క బల్లపై గూర్చుండుట యచ్చట వింత గాదు. అట్టి కాలేజీలో క్రొత్త వృత్తివిద్య నొకదానిని నెలకొల్పుట మాత్రము సులభము గాదు.

ముందుగా ఉపాధ్యాయులు ప్రణాళిక వ్రాయవలెను. ఆ వృత్తికి చెందిన యజమానుల సలహాసంఘము దానిని చూడవలెను. ఆ ప్రాంతమున నట్టి పనివారికి గిరాకి గలదని యంకెలతో రుజువు చూపవలెను. పిమ్మట కాలేజీ పాఠ్యక్రమసంఘము, దానిపై జిల్లా పాలకమండలి. అంతటితో ముగియునా? ఇరుగుపొరుగు కాలేజీలు కూడిన ప్రాంతీయసంఘము సిఫారసు చేయవలెను; అటుపై రాష్ట్ర ఛాన్సలరుగారి కార్యాలయము. వీనిలో నొక్క సంఘము వేసవి సెలవులలో సమావేశము గాకున్నచో కాగితములు శరత్కాలమువఱకు కదలవు. ఈలోపల యజమాని పనివారిని వేఱుచోట వెదకికొనును.

ఈ పరీక్షలన్నియు వ్యర్థములని మేమనము. నేలను చూడక విత్తనము చల్లు రైతు గలడా? రెండేండ్లు చదివించి, తుదకు పనిలేని వృత్తిలో విద్యార్థిని వదలుట యపరాధమే. అయితే ఆ రాష్ట్ర విద్యాశాసనముననే 78016వ సెక్షను గలదు. ప్రతి వృత్తివిద్యను పాలకమండలి రెండేండ్ల కొకమారు విమర్శింపవలెననియు, గిరాకి లేనిదియు, చదివినవారికి పని దొరకనిదియు నైనచో దానిని ఏడాదిలోపల నెత్తివేయవలెననియు దాని యాదేశము. ఫలితమును చూచి తీర్పుచెప్పుట కింత పదునైన సాధనము చేతనుండగా, ఫలితము పుట్టకముందే యిన్ని గుమ్మము లేల? 2015లో రాష్ట్ర కమ్యూనిటీ కాలేజీల కార్యసంఘము చేసిన 25 సిఫారసులలో అనుమతి పద్ధతిని త్వరపఱచుమనుటయు నొకటి. మఱుసటి యేటినుండి వృత్తివిద్యకు ఏటేట 20 కోట్ల డాలర్లు ప్రత్యేకముగా కేటాయింపబడెను. ధనము వచ్చినంతమాత్రమున గుమ్మములు తఱుగవు.

పొరుగువాడే న్యాయాధిపతి యైనపు డీ చిక్కు ముదురును. ఈ కాలేజీలు కొన్ని నాలుగేండ్ల డిగ్రీలిచ్చుటకు 2014లో ప్రయోగార్థముగా శాసనము వెలువడెను. 2021లో ఏబీ 927 అను శాసనము దానిని స్థిరపఱచి, ఏటికి 30 డిగ్రీలవఱకు అనుమతింప వీలు కల్పించెను. అందొక నియమము గలదు: రాష్ట్ర విశ్వవిద్యాలయములలో నున్న విద్యనే మరల పెట్టరాదు. మంచిదే. కాని ‘అదే విద్య’ యనగా నేమి? ప్లూమాస్ కౌంటీలోని ఫెదర్ రివర్ కాలేజీ అడవుల పునరుద్ధరణమును, అగ్నినిర్వహణమును డిగ్రీగా బోధింప దలచెను. 2021నాటి డిక్సీ కార్చిచ్చు గ్రీన్‌విల్ అను నూరిని భస్మము చేసినది ఆ కౌంటీయందే. అట్టి విద్య తమయొద్దను రానున్నదని స్టేట్ యూనివర్సిటీవారు ఆక్షేపించిరి. వారి శాన్ లూయిస్ ఒబిస్పో కళాశాల యచ్చటికి మూడువందల మైళ్లకు పైగా దూరము! కొండప్రాంతపు కూలివాని కొడుకు నిప్పునార్పు పని మాని యంతదూరము పోయి చదువునా? ఆక్షేపణ నుండగనే 2023లో కాలేజీకి అనుమతి లభించుట న్యాయమే. ఆ తగవునకు పట్టిన కాలము మాత్రము తిరిగి రాదు.

నర్సుల విషయమున నట్టి యదృష్టము లేదు. ఎంపిక చేసిన కాలేజీలు నర్సింగులో నాలుగేండ్ల డిగ్రీ నిచ్చుటకై శాసనసభ రెండు బిల్లుల నామోదింపగా, 2024 సెప్టెంబరులో గవర్నరు న్యూసమ్‌గారు రెంటిని త్రోసిపుచ్చిరి. ఉన్న యేర్పాట్ల ఫలితమును ముందు చూడవలెనని వారి వాదము. పరస్పర సహకారమున నిది చక్కబడుననియు వారి యభిప్రాయము. ఆసుపత్రులు డిగ్రీగల నర్సులనే కోరుచుండగా, రెండేండ్ల చదువుతో నిలిచిన యువతి ఏమి చేయవలెనో వారు చెప్పలేదు.

పొరుగు సంస్థల యభిప్రాయము వినవలసినదే. దానికి అఱువదిదినముల గడువు విధించి, ఆ గడువు మీఱినచో సమ్మతిగా నెంచవలెను. ‘అదే విద్య’ యను నాక్షేపణకు, విద్యార్థి యింటినుండి ఆ రెండవ కాలేజీకి రోజును పోయిరాగలడా యను నొక్క ప్రశ్నయే కొలబద్ద కావలెను. తక్కినది రెండేండ్లపిమ్మట 78016వ సెక్షను తేల్చును.