మరమ్మతు హక్కుకు చట్టరూపం ఎప్పుడు?

తొలకరి దగ్గరపడుతున్నకొద్దీ పల్లెలోని సామాన్య గృహస్థు ముందు పనుల చిట్టా పెరిగిపోతూ ఉంటుంది. కోతులు తొక్కి పగులగొట్టిన పెంకులు మార్పించాలి. గోడ బీటలు వానలకు ముందే పూడ్పించాలి. వేసవిలో కాలిపోయిన బోరు మోటారును పైకి తీయించి వైండింగుకు పంపాలి. మందు కొట్టే పంపుకు వాషరు పోయింది. మిక్సీ నెలల తరబడి అటక మీదనే ఉంది. ఉన్న డబ్బు ఈ పనులన్నిటికీ చాలదు. ఉన్న రోజులు అంతకన్నా చాలవు. మోటారు ముందు, కప్పు తరువాత, మిక్సీ ఎప్పుడైనా సరే అన్న వరుస ఏ ఆర్థికశాస్త్రం చదవకుండానే ఆ ఇంటివారు నిర్ణయించుకుంటారు. పట్టణంలోని అద్దె ఇంట్లో ఈ వరుస మారవచ్చు. మోటారు స్థానంలో రిఫ్రిజిరేటరో, స్కూటరో, పిల్లల చదువుకు ఆధారమైన సెల్‌ఫోనో ఉండవచ్చు. లెక్క మాత్రం అదే.

ఇదే దృశ్యం మరింత పెద్ద ఎత్తున ఊరి చివరి మెకానిక్ షెడ్డులో కనిపిస్తుంది. విప్పి పరచిన నాలుగు మోటార్లు, తల తీసిన ఒక డీజిల్ ఇంజను, వెల్డింగు కోసం వచ్చిన నాగలి, ఎవరో తాతగారి జ్ఞాపకంగా బాగుచేయించుకోదలచిన పాత మోటారు సైకిలు అన్నీ ఒకే చూరు కింద పడి ఉంటాయి. ఒకదానికి బేరింగు రావాలి. మరొకదానికి లేత్ పని కావాలి. వేరొకదానికి యజమాని అడ్వాన్సు ఇవ్వాలి. ఒక పని ఆగినప్పుడు మరొకటి అందుకోవడం ఆ వృత్తిలో అనివార్యం. ఖాతాదారుకు మాత్రం అది అలసత్వంగానే తోస్తుంది. ‘రేపు రండి’ అన్న మాట మెకానిక్కులకు తెచ్చిపెట్టిన అపకీర్తి అంతా ఇంతా కాదు.

అయితే ఆ ‘రేపు’ ఎందుకు వస్తున్నదన్నది నేడు తీవ్రంగా ఆలోచించవలసిన విషయం. ఒకప్పుడు జాప్యానికి డబ్బు లేకపోవడమో, తీరిక లేకపోవడమో కారణంగా ఉండేది. ఇప్పుడు పని తెలిసిన చేయి ఉంది, డబ్బిచ్చే ఖాతాదారూ ఉన్నాడు. అయినా పని ఆగిపోతున్నది. ఎందుకంటే కావలసిన విడిభాగం, దాని నిర్మాణ చిత్రం, లోపాన్ని చదివే సాఫ్ట్‌వేర్ తయారీదారు గుప్పిట్లో ఉన్నాయి. వాటిని బయటివారికి అందించాలన్న నిర్బంధం ఏ చట్టంలోనూ స్పష్టంగా లేదు.

1991కి పూర్వపు భారతదేశంలో కొత్త వస్తువు దొరకడమే కష్టం. స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి నిరీక్షించిన తరం ఇంకా సజీవంగానే ఉంది. ఆ కొరతే మరమ్మతు విద్యకు ఒరవడి దిద్దింది. వస్తువు పాడైతే బాగుచేయడం తప్ప గత్యంతరం లేదు గనుక ఊరూరా బాగుచేసేవారు పుట్టుకొచ్చారు. రాజ్‌కోట్‌లో తయారైన డీజిల్ ఇంజన్లు, కోయంబత్తూరు పంపుసెట్లు దేశమంతటా పొలాల్లో దశాబ్దాల పాటు పనిచేయగలిగాయంటే వాటి నిర్మాణం సరళంగా ఉండడమే కాదు, వాటి బుష్షునో, పిస్టన్ రింగునో ఏ పట్టణంలోనైనా కొనగలగడమో, చేయించుకోగలగడమో ప్రధాన కారణం. విజయవాడ ఆటోనగర్ వంటి కేంద్రాలు పెరిగింది ఈ ప్రాతిపదిక మీదనే.

పొరుగు దేశాల అనుభవమూ భిన్నం కాదు. 1980వ దశకం చివర బంగ్లాదేశ్ దిగుమతి ఆంక్షలను సడలించడంతో చైనా తయారీ చిన్న డీజిల్ ఇంజన్లు ఆ దేశాన్ని ముంచెత్తాయి. రైతు దానితో బోరు నడిపాడు. పంట ముగిశాక దాన్నే విప్పి పడవకు బిగించాడు. మరొకరు దానితో మూడు చక్రాల బండి తయారు చేశారు. ఢాకాలోని ధోలాయిఖాల్ వీధుల్లో, ఉత్తరాన బొగురా పట్టణంలో చిన్న చిన్న కార్ఖానాలు విడిభాగాల సరఫరాను తమ చేతిలోకి తీసుకున్నాయి. ఇంజను నాణ్యత గొప్పదని ఎవరూ అనలేదు. కాని అది ఆగిపోతే తిరిగి నడిపించగలవారు నడక దూరంలో ఉండేవారు. బంగ్లాదేశ్‌లో బోరుబావుల సేద్యం విస్తరించడానికి తోడ్పడిన అంశాలలో ఇదొకటి.

నూట నలభై ఏళ్ల ఇంజను, ఐదేళ్ల యంత్రం

పాతదాన్ని పునరుద్ధరించగల శక్తి ఈ దేశానికి లేదని ఎవరైనా అంటే రైల్వే వర్క్‌షాపులను చూపించవచ్చు. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన ‘ఫెయిరీ క్వీన్’ ఆవిరి ఇంజను దశాబ్దాల పాటు ప్రదర్శన వస్తువుగా నిలిచిపోయి, 1997లో మళ్లీ ప్రయాణికులతో పట్టాలెక్కింది. 2011లో దాని విడిభాగాలు అనేకం చోరీకి గురైతే పెరంబూరు వర్క్‌షాపులో దాన్ని మళ్లీ పనిచేసే స్థితికి తీసుకొచ్చారు. నీలగిరి కొండ రైలుకు కావలసిన ఆవిరి ఇంజన్లను తిరుచిరాపల్లి దగ్గరి గోల్డెన్ రాక్ వర్క్‌షాపు ఈ శతాబ్దంలో కొత్తగా నిర్మించింది. అవి కేవలం సెంటిమెంటుతో జరిగిన పనులని కొట్టిపారేయడానికి వీల్లేదు. పోత పోయగల, కొలత తీయగల, లేత్ మీద తిరిగి చేయగల మనుషులు ఉన్నారు. యంత్రంలో దాచిపెట్టినదంటూ ఏదీ లేదు. అందువల్ల తయారైన 142 సంవత్సరాల తరువాత కూడా ఒక యంత్రం కదిలింది.

ఐదేళ్ల కిందట కొన్న ఎయిర్ కండిషనర్ పరిస్థితి చూడండి. కంప్రెసరు బాగుంటుంది, రాగి గొట్టాలు బాగుంటాయి, ఫ్యాను తిరుగుతుంది. అరచేయంత సర్క్యూట్ బోర్డు కాలిపోతుంది. ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదని, బోర్డు దొరకదని, దొరికినా దాని ధరకు మరికొంత కలిపితే కొత్తది వస్తుందని సర్వీసు కేంద్రం సలహా ఇస్తుంది. బోర్డు మీద కాలిన భాగాన్ని గుర్తించి మార్చగల నేర్పరులు హైదరాబాద్‌లోనూ, ఢిల్లీలోనూ ఉన్నారు. కాని వారికి ఆ బోర్డు చిత్రపటం అందదు. ఊహించి చేయాలి, లేదా పాత సామాను గుట్టల్లోంచి అలాంటి బోర్డే మరొకటి వెదికి తేవాలి. కొన్ని సెల్‌ఫోన్లలోనైతే అసలైన తెరను అమర్చినా ఆ తెరను ఫోనుతో జతచేసే సాఫ్ట్‌వేర్ అనుమతి లేకపోతే హెచ్చరికలు వస్తాయి, కొన్ని సదుపాయాలు ఆగిపోతాయి. వస్తువుకు డబ్బు చెల్లించినవాడు దానికి పూర్తి యజమాని అవునా, కాదా అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తుతున్నది.

బాగుపడని ఈ వస్తువులన్నీ చివరికి చేరేది చెత్తలోకే. ఎలక్ట్రానిక్ వ్యర్థాల ఉత్పత్తిలో చైనా, అమెరికాల తరువాత మూడవ స్థానం భారతదేశానిదని అంతర్జాతీయ నివేదికలు పేర్కొన్నాయి. 2019లో ఆ పరిమాణం 32 లక్షల టన్నులని అంచనా. ఆ వ్యర్థాలను సేకరించి శుద్ధి చేసే బాధ్యతను తయారీదారులపై ఉంచుతూ 2022లో కేంద్రం తెచ్చిన కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. మంచిదే. కాని వస్తువు చచ్చిన తరువాతి అంత్యక్రియలకు ఇంత శ్రద్ధ చూపినవారు దాన్ని బతికించే దారి గురించి అంత శ్రద్ధ చూపకపోవడం శోచనీయం.

సంఘాలు, పోర్టళ్లు

ఈ విషయం ప్రభుత్వ దృష్టికి రాలేదనుకోవడం పొరపాటు. 2011లో ఒక వినియోగదారుడు మూడు కార్ల కంపెనీలపై చేసిన ఫిర్యాదు కాంపిటీషన్ కమిషన్ దర్యాప్తులో విస్తరించి 14 కంపెనీల దాకా వెళ్లింది. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని స్వతంత్ర గ్యారేజీలకు అందకుండా చేయడం పోటీకి విఘాతమని 2014 ఆగస్టులో కమిషన్ తీర్పు చెప్పింది. మొత్తం రూ.2,544 కోట్ల పైచిలుకు జరిమానా విధించింది. బయట బాగుచేయించుకున్నంత మాత్రాన వారంటీ రద్దవుతుందని గంపగుత్తగా షరతు పెట్టరాదని కూడా ఆదేశించింది. ఆ తరువాత కథ మామూలే: అప్పీళ్లు, రిట్ పిటిషన్లు, వాయిదాలు. తీర్పులోని సూత్రం మాత్రం చాలా విలువైనది. దాన్ని శాసనంగా మార్చే పనిని ఆనాడే చేపట్టి ఉంటే ఒక దశాబ్దం కలిసివచ్చేది.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’పై ఒక సంఘాన్ని నియమించింది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను అది ఎంచుకుంది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, ఒక పోర్టల్ ప్రారంభమైంది. కంపెనీలు తమ సర్వీసు కేంద్రాలు, విడిభాగాలు, వారంటీ వివరాలను అందులో ఉంచాలని ఆశించారు. వస్తువు ఎంత సులువుగా బాగుపడుతుందో కొనేటప్పుడే తెలిపే మార్కుల సూచీ కోసం మరో సంఘం ఏర్పడి 2025 మేలో నివేదిక సమర్పించింది. ఇవన్నీ సదుద్దేశాలేననడంలో సందేహం లేదు. కాని పోర్టల్‌లో ఫోన్ నంబరు ఉన్నంత మాత్రాన మెకానిక్ చేతికి బోర్డు రాదు. ఇష్టముంటే ఇవ్వండి అన్న పద్ధతికీ, ఇవ్వకపోతే శిక్ష ఉంటుందన్న పద్ధతికీ ఉన్న తేడా తయారీదారులకు బాగా తెలుసు.

ఫ్రాన్సు 2021 జనవరి నుంచే కొన్ని వస్తువులపై మరమ్మతు మార్కులు ముద్రించడం తప్పనిసరి చేసింది. ఐరోపా సమాజం 2024లో ఆమోదించిన ఆదేశాన్ని సభ్యదేశాలు 2026 జూలై 31 నుంచి అమలు చేయాలని గడువు విధించింది. అమెరికాలో ట్రాక్టర్ల మరమ్మతుపై రైతులు ఏళ్ల తరబడి పోరాడగా, 2023 జనవరిలో ఒక పెద్ద కంపెనీ రైతు సమాఖ్యతో అవగాహన పత్రం కుదుర్చుకుంది. అది చాలలేదు కాబోలు, 2025 జనవరిలో ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అదే కంపెనీపై న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. మాటతో సరిపెట్టుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

కంపెనీల వాదనలో పస లేదనడమూ సరికాదు. నాసిరకం బ్యాటరీ బిగిస్తే ఫోను పేలవచ్చు. మండే స్వభావం గల గ్యాసును తెలియనివాడు నింపితే ప్రాణాపాయం. మరమ్మతు రంగం తన ఇంటిని తాను చక్కదిద్దుకోవలసిన అవసరమూ ఉంది. రాగి తీగ డబ్బు తీసుకుని అల్యూమినియం తీగ చుట్టేవారు లేరా? తొందరలో పాత వైండింగును మంటపెట్టి కాల్చి తీయడం వల్ల మోటారు లోపలి ఇనుప పొరలు దెబ్బతిని, బాగుపడిన మోటారు మునుపటికన్నా ఎక్కువ కరెంటు తాగుతుంది. రసీదు ఇవ్వరు, పనికి పూచీ ఉండదు. అయితే ఈ లోపాలకు విరుగుడు సమాచారాన్ని దాచడం కాదు, శిక్షణ ఇవ్వడం. 2023 సెప్టెంబరులో ఆరంభమైన విశ్వకర్మ పథకంలో కమ్మరి, వడ్రంగి, తాళాలు చేసేవారు మొదలుకొని 18 వృత్తులకు చోటు దొరికింది. పరికరాలకు రూ.15 వేలు, హామీ లేని రుణం రూ.3 లక్షల వరకు అందులో ఉన్నాయి. మోటారు వైండింగు చేసేవారు, టీవీలు బాగుచేసేవారు ఆ జాబితాలో లేరు. గ్రామీణ ఆర్థిక వ్యవస్థలో వారిది కమ్మరి కన్నా తక్కువ పాత్రేమీ కాదు.

పన్నుల విధానంలోనూ ఇదే వింత. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎయిర్ కండిషనర్లు, పెద్ద టీవీలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. మధ్యతరగతి హర్షించింది. మరమ్మతు సేవపై పన్ను మాత్రం 18 శాతమే కొనసాగింది. కొత్తది కొనడానికి కలిగిన ఊరట పాతదాన్ని నిలబెట్టుకోవడానికి కలగలేదు.

ప్రభుత్వం నియమించిన సంఘమే తన నాలుగు రంగాలలో వ్యవసాయ పరికరాలను చేర్చింది గనుక కనీసం అక్కడ చట్టం ముందుగా రావాలి. 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త కాలుష్య ప్రమాణాలు వర్తించాయి. పొగ తగ్గించడానికి ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో నియంత్రించే ఇంజన్లు వాటితో పాటు పొలాల్లోకి దిగాయి. స్పానరుతో, చెవితో లోపం కనిపెట్టే మెకానిక్‌కు ఈ ఇంజను మూగది. దాని లోపం సంకేతాలను చదవడానికి వేరే పరికరం, దానికి వేరే సాఫ్ట్‌వేర్ కావాలి. దుక్కి అదును ఉండేది నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో ట్రాక్టరు మీటరుపై ఎర్రదీపం వెలిగితే, ఆ పరికరం మండల కేంద్రంలోని షెడ్డులో దొరుకుతుందా, లేక జిల్లా కేంద్రంలోని డీలరు దగ్గర వరుసలో నిలబడాలా అన్నది సంఘాల నివేదికల తరువాత కూడా తేలకుండానే ఉంది.