ఫోనులోని ఆరణ్యకుడెవరు?

చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి ఆలయం వైపు ఈనాడు రెండు విధాలుగా చేతులు లేస్తున్నవి. కొన్ని అంజలి ఘటించడానికి, కొన్ని గోపురానికి ఫోను గురిపెట్టడానికి. అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాలలో ఉద్యోగ పరీక్షలకు చదవడానికి జిల్లాల నుండి వచ్చిన యువతకు ఈ వీధులు కొత్త. నగర కేంద్ర గ్రంథాలయం ఏది, త్యాగరాయ గానసభ ఏది, దారిలో కనబడిన గుడిలోని దైవం ఎవరు అని మనిషిని అడగడానికి మొగమాటపడి, చిత్రాన్ని చూసి స్థలం పేరు చెప్పే యాప్‌ను అడుగుతున్నారు. అడగడంలో దోషం లేదు. "యంత్రం స్వామిని గుర్తుపట్టింది" అని ఆ తరువాత అనే మాటలో దోషమున్నది. కొందరు ఆస్తికులు ఇంకొక అడుగు వేసి, శాస్త్రాలు చెప్పిన ప్రత్యభిజ్ఞ యంత్రానికి కూడా సిద్ధించిందని మురిసిపోతున్నారు. ఈ మాట తప్పు. వినడానికి ముచ్చటగా ఉన్నందువలన మరింత హాని చేసే తప్పు.

పూర్వపక్షాన్ని నీరసపరచి ఖండించడం సంప్రదాయం కాదు కనుక, దానిని పూర్ణబలంతోనే పరిశీలించాలి. "ఆనాడు కాశీలో చూసిన దేవదత్తుడే ఈతడు" అనే ఎరుకలో ఆ దేశకాలాలను, ఈ దేశకాలాలను విడిచి దేవదత్తుడనే వ్యక్తిని మాత్రమే గ్రహిస్తాము. వేదాంతులు భాగత్యాగలక్షణకు చెప్పే దృష్టాంతం ఇదే. యంత్రమూ అదే చేస్తున్నది కదా అంటాడు వాది. ఉదయపు వెలుగు, సాయంకాలపు నీడ, కెమెరా కోణం, అడ్డుగా నిలిచిన ఆటో, వీటినన్నిటినీ విడిచి గోపురంలోని స్థిరమైన ఆకృతిని అంకెల వరుసగా మారుస్తున్నది. తన భాండారంలోని వరుసలతో పోల్చి, అత్యంత సమీపమైనదాని పేరు పలుకుతున్నది. వాదం గట్టిదే. ప్రత్యభిజ్ఞకు అది చాలదు.

ఎదుట ఉన్నదాని ప్రత్యక్షం, పూర్వానుభవం మిగిల్చిన సంస్కారం, ఈ రెండూ ఒక్కనికే ఉన్నప్పుడే ప్రత్యభిజ్ఞ. కాశీలో చూసినవాడొకడు, ఇక్కడ చూసినవాడు వేరొకడు అయితే "వాడే వీడు" అనే జ్ఞానం ఎవరికీ పుట్టదు. కంటితో చూసినదానినే చేతితో తాకి ఒకే వస్తువుగా గ్రహిస్తున్నాము కనుక ఇంద్రియాలకు వేరైన ఆత్మ ఉన్నదని గౌతమ మహర్షి న్యాయసూత్రాల తృతీయాధ్యాయంలో సాధించినది ఈ జ్ఞాతృ ఏకత్వం ఆధారంగానే. యంత్రంలో ఆ ఒక్కడెవరు? చిత్రం తీసినవాడొకడు, దానికి పేరు రాసినవాడు మరొకడు, పోల్చేది గణితం, విని నమ్మేది దారిన పోయే భక్తుడు. "ఇది అదే" అనగలిగినవాడు వీరిలో లేడు.

మరి అక్కడ జరుగుతున్నది ఏ ప్రమాణం? ఉపమానం. తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహంతో శాస్త్రాభ్యాసం మొదలుపెట్టిన బాలునికైనా గవయం కథ తెలుసు. ఆవును పోలినది గవయమని అడవిలో తిరిగే ఆరణ్యకుడు నగరవాసికి చెబుతాడు. నగరవాసి అడవికి వెళ్లి, ఆవు వంటి మృగాన్ని చూసి, ఆ మాట స్మరించి, గవయమనే పేరు దీనిదేనని తెలుసుకుంటాడు. పేరుకు, పేరుగల వస్తువుకు ఉన్న సంబంధజ్ఞానమే ఉపమితి. యాప్ ఇచ్చేది దీనికి సరిగ్గా సమానం. అయితే ఆ జ్ఞానపు విలువంతా ఆరణ్యకుని మీద ఆధారపడి ఉన్నది. అతడు అడవి ఎరిగినవాడు, అబద్ధమాడనివాడు కావాలి. ఫోనులోని ఆరణ్యకుడెవరు?

ఆ సంగతి రహస్యమేమీ కాదు. గూగుల్ సంస్థ 2009లో గాగుల్స్ పేరుతోను, 2017లో లెన్స్ పేరుతోను ఇటువంటి సాధనాలను తెచ్చింది. స్థలాలను గుర్తించే పరిశోధనల కోసం ఆ సంస్థ 2019లో విడుదల చేసిన రెండవ చిత్రభాండారంలో దాదాపు 50 లక్షల చిత్రాలు, 2 లక్షలకు పైగా స్థలాలు ఉన్నవి. స్థలాల చిత్రాలను వికీమీడియా కామన్స్ నుండి, అంటే ఎవరైనా చేర్చగల ఉమ్మడి కోశం నుండి, తీసుకున్నారు. అందులో సగానికి మించిన స్థలాలకు ఒక్కొక్కదానికి పదికి మించని చిత్రాలే ఉన్నవి. లోకం విరివిగా చూసినది యంత్రానికి బాగా తెలుసు. ఎవరూ ఫొటో తీయని వీధి గుడి దాని దృష్టిలో లేనే లేదు. పోలికలో సమీపతమమైనది మాత్రం ఎప్పుడూ ఒకటి ఉంటుంది. ఏ హద్దు దగ్గర ఆగి "తెలియదు" అనాలో నిర్మాత నిర్ణయించకపోతే, ముత్యపుచిప్పను వెండి అన్నట్లు యంత్రం ఏదో ఒక పేరు చెబుతుంది. సాదృశ్యం కనబడి విశేషం కనబడకపోవడమే భ్రమకు హేతువని శాస్త్రం ఏనాడో చెప్పింది. ఆ తప్పు పేరుతోనే భక్తుడు తన ఫొటోను ఉమ్మడి కోశంలో పెడితే, రేపటి యంత్రానికి అదే పాఠం. అంధపరంపరాన్యాయానికి ఇంతకంటె స్వచ్ఛమైన ఉదాహరణ పూర్వులకు దొరకలేదు.

గోపురాన్ని దాటి మూర్తి దగ్గరకు వస్తే చిక్కు ఇంకా సూక్ష్మం. నారాయణగూడలో న్యాయమూర్తి కేశవరావు కోరట్కర్ స్మృతిగా వెలసిన కేశవ్ మెమోరియల్ విద్యాసంస్థ ఉన్నది. ఆచమనంలోని తొలి రెండు నామాలూ ఆ పేటలో కలిశాయని చమత్కరించవచ్చు. ఆచమనంలో పలికే ఆ ఇరవైనాలుగు నామాలకు ఇరవైనాలుగు మూర్తులున్నవి. అందరికీ చతుర్భుజాలే, అందరికీ శంఖ చక్ర గదా పద్మాలే. ఏది ఏ చేతిలో ఉన్నదన్నదే భేదం. నాలుగింటిని నాలుగు చేతులలో అమర్చే విధాలు సరిగ్గా 24. కుడి ఎడమలు మారితే ఒక మూర్తి మరొక మూర్తి అవుతుంది. చిత్రాలను గుర్తించే యంత్రాలకు శిక్షణ ఇచ్చేటప్పుడేమో ఒకే చిత్రాన్ని అద్దంలో వలె తిప్పి చూపి, రెండూ ఒకటేనని నేర్పడం సర్వసాధారణమైన పద్ధతి. భవనాలకు అది ఉపకారం; ఆగమానికి అపచారం. ఫోను ముందువైపు కెమెరాలో ఎడమ తొండపు వినాయకుడు కుడి తొండంతో కనిపించడం ఎవరైనా చూడవచ్చు. వేంకటేశ్వర మూర్తుల సంగతి సరేసరి. శంఖచక్రాలు, వరదహస్తం, కటిహస్తం, ఊర్ధ్వపుండ్రం అన్ని చోట్లా ఒక్కటే. రూపం ఒకటైనా సన్నిధి వేరు, ప్రతిష్ఠ వేరు, అక్కడి సంకల్పంలో చెప్పే క్షేత్రం వేరు. ఫోను ఉన్న చోటును ఉపగ్రహం చెబితే యాప్ ఆ భేదం పట్టగలదేమో గాని, అది చిరునామా చదవడమే తప్ప స్వామిని గుర్తించడం కాదు.

ఇంత విన్నాక, ఆలయ ప్రాంగణంలో ఫోన్లే నిషేధించాలని కొందరు ఉత్సాహపడతారు. గర్భాలయంలోని మూలమూర్తికి ఛాయాచిత్రం వద్దన్న నియమం సరియైనదే, దానిని సడలించకూడదు. వీధిలో నిలిచి గోపురం చూసే కుర్రవాడిని అదలించడం మాత్రం అనుచితం. అతడు తెలుసుకోగోరి అడిగాడు. చెప్పవలసినవారు చెప్పనందున ఫోను చెప్పింది. ఎన్ని ఆలయాల ముఖద్వారాల వద్ద మూర్తి పూర్ణనామం, అనుసరించే ఆగమం, ప్రతిష్ఠ జరిగిన సంవత్సరం చదవగలిగేట్లు రాసి ఉన్నవి? పంకా ఇచ్చిన దాత పేరు మాత్రం దాని రెక్కల మీద స్పష్టంగా ఉంటుంది. అర్చకులు, ధర్మకర్తలు కూర్చుని ఆలయ వృత్తాంతాన్ని నాలుగు పంక్తులలో రాసి, బయటి గోపురం చిత్రాన్ని సరియైన పేరుతో తామే ఆ కోశంలో చేర్చడానికి ఒక పూట చాలు. వికీమీడియాలో చిత్రం చేర్చడానికి రుసుము లేదు, పేరు తెలుగులోనే రాయవచ్చు.