రాసే చెయ్యి మనదైతే చాలదు, పలక కూడా మనదే కావాలె

ఏడేండ్ల కింద మా వాడ యువజన సంఘం ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టుకున్నది. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఏ కాగితాలు కావాలె, కుల ధ్రువీకరణ పత్రానికి ఎవరి దగ్గరికి పోవాలె, ఏటేటా ఏప్రిల్ 14 ఫోటోలు, వాడ బావి ఎట్ల తవ్వుకున్నరో ముసలోళ్లు చెప్పిన ముచ్చట్లు, అన్నీ అందులో రాసిపెట్టినం. ఒక కంపెనీ ఉచితంగా ఇచ్చిన జాగాలో, ఆ కంపెనీ పనిముట్టుతోనే కట్టుకున్నం. ఒకనాడు పొద్దున చూస్తే పేజీ లేదు. ఉచిత పథకం ఎత్తేసినమన్నరు. పాస్‌వర్డు తెలిసిన పిల్లగాడు బెంగళూరులో కొలువు చేస్తున్నడు. ఖాతాకు ఇచ్చిన వాడి పాత ఫోను నంబరు ఎప్పుడో పోయింది. ఉత్తరం మీద ఉత్తరం రాస్తే యంత్రమే జవాబిచ్చింది. బావి ముచ్చట చెప్పిన అవ్వ అడిగింది: "నా ముచ్చట ఆ డబ్బాల భద్రంగ ఉన్నదంటివి గద సారూ, యాడికి పాయె?" మా దగ్గర జవాబు లేదు.

కంపెనీని తిట్టి ఊరుకోవచ్చు. కానీ తప్పులో సగం మాదే. మనం రాసింది గనుక మనదే అనుకున్నం. రాసిన పలక పరాయిదని మరిచినం. అందుకే ఇప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పదలచుకున్నాం. వెబ్ పేజీ తయారు చేసుకునే పని మన సంఘాలు సొంతంగా నేర్చుకోవాలి. దానికి వాడే పనిముట్టు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయి ఉండాలి.

వెబ్ పేజీ అంటే బ్రహ్మపదార్థం కాదు. అది ఉత్త అక్షరాల ఫైలు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇక్కడ బొమ్మ అని చెప్పే గుర్తులు మాటల నడుమ ఉంటాయి. ఆ గుర్తుల భాషనే హెచ్‌టీఎంఎల్ అంటారు. ఆ గుర్తులు రానోళ్ల కోసం వచ్చినవే విజువల్ ఎడిటర్లు. ఉత్తరం టైపు చేసినట్టు టైపు చేయాలి, ఫోటో పెట్టాలి, అక్షరం పెద్దది చేయాలంటే మీట నొక్కాలి. తెర మీద ఎట్ల కనిపిస్తే పేజీ దాదాపు అట్లనే వస్తది. గుర్తులన్నీ ఎడిటరే రాసుకుంటది. పదో తరగతి చదివి, పెండ్లి కార్డు టైపు చేయగలిగినోళ్లు ఎవరైనా ఈ పని చేయగలరు.

దీని వెనక ఒక చరిత్ర ఉన్నది. 1990లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ మొదటి వెబ్ బ్రౌజర్ తయారు చేసిండు. అందులో పేజీ చదవడమే కాదు, అక్కడే రాయడం, దిద్దడం కూడా చేయవచ్చు. చదివేటోడు, రాసేటోడు ఇద్దరూ ఒకటే అన్న ఆలోచన అది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ పరిజ్ఞానాన్ని ఏ రుసుమూ లేకుండా లోకానికి ఇచ్చేసింది. కానీ అదే ఏడు జనంలోకి వెళ్లిన మొజాయిక్ బ్రౌజర్ ప్రధానంగా చదవడానికే. అక్కడి నుంచి చదవడం కోట్ల మందిది అయింది, రాయడం గుర్తులు తెలిసిన కొద్దిమందిది అయింది.

ఈ తీరు మనకు కొత్తదా? చదువు ఇచ్చినా రాత ఇవ్వరు, రాత వచ్చినా అచ్చు దొరకదు. 1920లో అంబేడ్కర్ 'మూక్‌నాయక్' ఎందుకు పెట్టిండు? ఎదుటోడి పత్రికలో మన మాటకు చోటు ఉండదని తెలిసే గదా!

తెగిన ఆ రెండు ముక్కల్ని మళ్లీ అతికే ప్రయత్నాలు జరిగినయి. 1996లో అమాయా అనే ఎడిటర్ మొదలైంది. అందులోనే చదవొచ్చు, అందులోనే రాయొచ్చు. 1997లో నెట్‌స్కేప్ తన బ్రౌజర్ మూటలో కంపోజర్ అనే ఎడిటర్ పెట్టింది. 1998లో తన సోర్సు కోడును బయటపెట్టింది. ఆ కోడు మీదనే డేనియల్ గ్లాజ్‌మన్ అనే ప్రోగ్రామరు ఎన్‌వీయూ తయారు చేసిండు. 2005లో దాని 1.0 కూర్పు వచ్చింది. ఎన్‌వీయూ ఆగిపోతే అందులోని లోపాలు దిద్ది ఇంకొకరు కంపోజర్ పేరునే కొంచెం మార్చి 'కె'తో 'జడ్'తో కోంపోజర్ అని నడిపిండ్రు. 2011లో గ్లాజ్‌మనే బ్లూగ్రిఫన్ తెచ్చిండు. ఒకరు దించిన బరువును ఇంకొకరు ఎత్తుకున్నరు. కోడు తెరిచి ఉన్నది గనుకనే అది సాధ్యమైంది.

ఇక్కడ ఒక మిత్రుడు అడ్డం తిరిగిండు. "సారూ, అమాయా 2012లో ఆగింది. కోంపోజర్‌కు 2010 తర్వాత కొత్త కూర్పు లేదు. ఉచితంగా వచ్చేది ఇట్లనే సస్తది" అన్నడు. ఆయన చెప్పింది నిజమే. కానీ ఏది సచ్చింది, ఏది బతికింది అని చూడాలె. 2009లో యాహూ కంపెనీ తన జియోసిటీస్ సేవను అమెరికాలో మూసేసింది. మామూలు మనుషులు ఏండ్ల తరబడి కట్టుకున్న లక్షల పేజీలు దానితోనే పోయినయి. కొన్నిటిని స్వచ్ఛంద కార్యకర్తలు ముందే నకలు తీసి కాపాడిండ్రు. ఎన్‌వీయూ కూడా ఆగిపోయింది. కానీ ఎన్‌వీయూతో చేసిన పేజీ ఫైలు నీ దగ్గర ఉంటే, అది ఇవాళ కూడా ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకుంటది. కత్తి మొండిబారినా కోసిన పంట ఇంట్లనే ఉంటది. జియోసిటీస్‌లో పంటే పోయింది. తేడా అదీ.

అందుకే 'ఉచితం', 'స్వేచ్ఛ' రెండూ ఒకటి కాదు. మాకు జాగా ఇచ్చిన కంపెనీ కూడా ఉచితమే అన్నది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటనతో మొదలైంది. అది అడిగేది నాలుగు హక్కులు: ఏ పనికైనా వాడుకునే హక్కు, లోపల ఏమున్నదో చూసి మార్చుకునే హక్కు, పక్కోడికి నకలు ఇచ్చే హక్కు, మార్చినదాన్ని పంచే హక్కు. దానం చేసినోడు దానాన్ని వెనక్కి తీసుకుంటడు. హక్కును అట్ల తీసుకోలేడు.

"వాట్సాప్ ఉన్నది, ఫేస్‌బుక్ ఉన్నది, ఇంకా పేజీ ఎందుకు?" అనేటోళ్లు ఉన్నరు. వాటిని వదలమని మేం అనం. సభ ఉన్నదని చెప్పడానికి అవి మంచివే. కానీ మొన్న జూన్‌లో పెట్టిన స్కాలర్‌షిప్ వివరం ఇవాళ గ్రూపులో ఎవరికి దొరుకుతది? గుడ్ మార్నింగుల కింద పూడిపోతది. కబురు చెప్పే డప్పు వేరు, కాగితాలు దాచే పెట్టె వేరు. రెండూ కావాలె.

కోడు బాగా వచ్చినోళ్లు ఇంకో రకంగా నవ్వుతరు. విజువల్ ఎడిటర్ రాసే గుర్తులు చెత్తగా, బరువుగా ఉంటయంటరు. అందులోనూ కొంత నిజం ఉన్నది. కానీ మేం ఒకటో తరగతికి పాఠం చెప్పేటోళ్లం. పిల్ల 'అ' వంకరగా దిద్దిందని పలక గుంజుకోం. ఈ ఎడిటర్లలో గుర్తులను చూపించే మీట కూడా ఉంటది. ఇయ్యాల పేజీ చేసిన పిల్లనే రేపు ఆ మీట నొక్కి చూస్తది, ఎల్లుండి దిద్దుతది. కోడు నేర్చుకోవద్దని ఎవరన్నరు? నేర్చుకునేదాకా నోరు మూసుకొని ఉండం అంటున్నాం.

ఇక పని మాట. సీమంకీ అనే మూటలో పాత కంపోజర్ ఇప్పటికీ ఉన్నది. లిబ్రెఆఫీస్‌లో రాసిన కాగితాన్ని కూడా హెచ్‌టీఎంఎల్‌గా దాచుకోవచ్చు. కొంచెం పెద్ద పత్రిక లాంటిది కావాలంటే పబ్లీ ఉన్నది. వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ కూడా స్వేచ్ఛదే, 2018 నుంచి అందులో దిమ్మ మీద దిమ్మ పేర్చినట్టు పేజీ కట్టుకోవచ్చు. కానీ దానికి సర్వరు కావాలె, ఎప్పటికప్పుడు మరమ్మతు కావాలె. చిన్న సంఘానికి నాలుగు మామూలు పేజీలే మేలు. చిన్న ఫోనులో, బలహీనమైన సిగ్నల్లో కూడా తెరుచుకుంటయి.

తెలుగును యూనికోడ్‌లోనే టైపు చేయాలె. ప్రెస్సుల్లో వాడే పాత డీటీపీ ఫాంటులో కొట్టిన మాటను పేజీలో పెడితే పిచ్చిగీతలు వస్తయి. ఎడిటర్‌లో పేజీ అమరికలకు పోయి అక్షర సంకేతం యూటీఎఫ్-8 అని పెట్టుకోవాలె. మేం ఇది తెలియక రెండు రోజులు తిప్పలు పడ్డం.

ఒక నిజం దాచం. ఎడిటర్‌కు పైసా లేదు గానీ, పేజీ పేరుకు ఏటా కిరాయి కట్టాలె, పెట్టే జాగా కూడా ఇంకొకరిదే. కానీ ఫైళ్లు మన దగ్గరుంటే కిరాయి ఇంటోడు పొమ్మన్ననాడు మూట కట్టుకొని ఇంకో ఇంట్లో దిగుతం. మొన్న మేం మూట కట్టుకోలేకపోయినం. కట్టడానికి మా దగ్గర ఏమీ లేకుండె.

కాబట్టి మిత్రులారా, ప్రతి సంఘంలో కనీసం ఇద్దరు ఈ పని నేర్చుకోండి. వారిలో ఒకరు ఆడపిల్ల కావాలె. ఖాతా ఒక పిల్లగాని పేరు మీద కాదు, సంఘం పేరు మీద తెరవండి. పాస్‌వర్డు సంఘం రిజిస్టర్‌తోపాటు తాళంలో పెట్టండి. ఫైళ్ల నకళ్లు రెండు పెన్‌డ్రైవుల్లో, రెండు ఇండ్లలో ఉంచండి. పాత కంప్యూటర్ ఉంటే చాలు, పని మొదలవుతది.

అవ్వ ముచ్చట మళ్లా చెప్పించుకుంటున్నం. ఆమెకు కొన్ని పేర్లు ఇప్పుడు యాదికొస్తలేవు. ఆ నష్టం మాదే. ఈసారి ఫైలు మా చేతుల ఉన్నది.